అరవై లినక్స్ మెషీన్లు, ఇద్దరు అడ్మిన్లు: ఏ టూల్ ఎంచుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. అరవై దాకా లినక్స్ మెషీన్లు ఉన్నాయి. నలభై డెస్క్‌టాప్‌లు, అన్నీ ఉబుంటు. మిగతావి సర్వర్లు, కొన్ని డెబియన్, కొన్ని రాకీ లినక్స్. చూసుకునేది ఇద్దరే. ఇప్పటిదాకా పెన్‌డ్రైవ్ పెట్టి ఒక్కొక్కటీ చేత్తో ఇన్‌స్టాల్ చేస్తున్నారు. ఆ తర్వాత ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషీన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) మీద ఫర్ లూప్ తిప్పి, అంటే ఒక్కో మెషీన్‌కీ వరసగా, షెల్ స్క్రిప్ట్ నడుపుతున్నారు. ఇప్పుడు ఫోర్‌మన్ (ఇన్‌స్టాలేషన్లను ఒక సర్వర్ నుంచి నడిపేది), పప్పెట్ (మెషీన్ల సెట్టింగులు చూసుకునేది) కలిపి పెట్టాలా, సెట్టింగుల పనే చేసే యాన్సిబుల్ సరిపోతుందా, లేక ఒక మెషీన్ బాగా తయారుచేసి అన్నిటికీ క్లోన్ కొట్టేస్తే పోదా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఇన్‌స్టాలేషన్‌కి ఏ డిస్ట్రోకి (ఉబుంటు, డెబియన్, రాకీ లాంటి లినక్స్ రకానికి) ఆ డిస్ట్రోతో వచ్చే పద్ధతే వాడండి. ఆ తర్వాత పని అంతా యాన్సిబుల్‌కి ఇవ్వండి. సర్వర్లకు మీరే మార్పులు పంపే మామూలు పద్ధతి, డెస్క్‌టాప్‌లకు అవే వచ్చి తెచ్చుకునే యాన్సిబుల్ పుల్. ఫోర్‌మన్ మీకు ఇప్పుడు అక్కర్లేదు. క్లోనింగ్ జోలికి అసలు పోవద్దు. కారణాలు కూడా వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మీ పరిస్థితిలో ఒకటి రెండు విషయాలు మారినా ఈ జవాబు మారిపోతుంది.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది టూల్ పేరు కాదు. ఇన్‌స్టాలేషన్ ఎక్కడ ఆగాలి, కాన్ఫిగరేషన్ ఎక్కడ మొదలవ్వాలి అనే గీత. నేను చూసిన నెట్‌వర్క్‌లలో తలనొప్పి ఎక్కువగా ఇక్కడే పుడుతుంది. రాకీ ఇన్‌స్టాలర్‌కి ముందే జవాబులు రాసిచ్చే కిక్‌స్టార్ట్ ఫైల్‌లో చివర పోస్ట్ అనే సెక్షన్ ఉంటుంది కదా, ఇన్‌స్టాల్ అయ్యాక నడిచే స్క్రిప్ట్. మొదట్లో అందులో నాలుగు లైన్లు ఉంటాయి. ఎవరో ప్రింటర్ సెట్టింగ్ కలుపుతారు, ఇంకెవరో ఫైర్‌వాల్ రూల్స్ కలుపుతారు. రెండేళ్లు తిరిగేసరికి ముట్టుకోవాలంటే భయపడే స్క్రిప్ట్ అవుతుంది.

అందులో అసలు చిక్కేమిటంటే ఆ స్క్రిప్ట్ మెషీన్ జీవితంలో ఒక్కసారే నడుస్తుంది. జనవరిలో పెట్టిన మెషీన్‌కీ జూన్‌లో పెట్టిన మెషీన్‌కీ స్క్రిప్ట్ వేరు, కాబట్టి ఆ రెండు మెషీన్లూ వేరు. టైమ్ సర్వర్ అడ్రస్ మారిందనుకోండి, ఇన్‌స్టాలర్ వెనక్కి వచ్చి పాత మెషీన్లను సరిచేయదు. పైగా పోస్ట్ సెక్షన్‌లో ఏదైనా కమాండ్ ఫెయిలైనా అనకొండ, అంటే రాకీ ఇన్‌స్టాలర్, మామూలుగా పట్టించుకోదు, పని పూర్తయిందనే చెప్తుంది. ఎర్రర్-ఆన్-ఫెయిల్ అనే ఆప్షన్ మీరే పెడితే తప్ప ఆగదు. అది పెట్టండి, లాగ్ ఫైల్ ఆప్షన్ కూడా పెట్టండి. అసలు ఆ సెక్షన్‌లో పెద్దగా ఏమీ లేకుండా చూసుకుంటే ఇంకా మంచిది.

ఇన్‌స్టాలర్ చేయాల్సింది చాలా కొంచెం. డిస్క్ విభజించడం, టైమ్‌జోన్, నెట్‌వర్క్, కనీస ప్యాకేజీలు, ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్, మీ పబ్లిక్ కీ (పాస్‌వర్డ్ బదులు వాడే తాళం జంటలో బయట పెట్టగలిగే సగం) ఉన్న ఒక్క అడ్మిన్ అకౌంట్. కాన్ఫిగరేషన్ టూల్ ఆ మెషీన్‌లోకి లాగిన్ కాగలిగితే ఇన్‌స్టాలర్ పని అయిపోయినట్టే. ఆ తర్వాత వచ్చేదంతా, చిన్న ఫాంట్ ప్యాకేజీ దగ్గర్నుంచి, రెండో టూల్‌ది.

ఇలా గీత గీసుకుంటే ఇంకో లాభం ఉంది. మీ దగ్గర మూడు డిస్ట్రోలు ఉన్నాయి, మూడు ఇన్‌స్టాలర్ల భాషలూ వేరు. రాకీకి కిక్‌స్టార్ట్, డెబియన్‌కి ప్రీసీడ్, ఉబుంటు సర్వర్‌కి 20.04 నుంచి ఆటోఇన్‌స్టాల్. ఉబుంటు డెస్క్‌టాప్‌కి కూడా 24.04లో ఆటోఇన్‌స్టాల్ పనిచేస్తుంది. ఈ ఫైళ్లు చిన్నవిగా ఉంటే మూడు భాషలూ పెద్ద బరువు కావు. పెద్దవైతే ఒకే మార్పును మూడు చోట్ల మూడు రకాలుగా రాయాల్సి వస్తుంది.

ఈ మూడింట్లో కిక్‌స్టార్ట్ తేలిక. చేత్తో ఒకసారి రాకీ ఇన్‌స్టాల్ చేయండి, రూట్ (అన్ని హక్కులూ ఉన్న అకౌంట్) హోమ్ డైరెక్టరీలో మీరిచ్చిన జవాబులన్నిటితో ఒక కిక్‌స్టార్ట్ ఫైల్ తయారై ఉంటుంది. దాన్నే దిద్దుకోండి, కేఎస్-వాలిడేటర్ అనే టూల్‌తో సింటాక్స్ చూసుకోండి. ఉబుంటులో కూడా ఇలాగే వార్ లాగ్ కింద ఇన్‌స్టాలర్ డైరెక్టరీలో ఆటోఇన్‌స్టాల్ ఫైల్ మిగులుతుంది. డెబియన్ ప్రీసీడ్ కాస్త మొండిది. అది ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలకు ముందే జవాబులు రాసిపెట్టుకోవడం లాంటి పద్ధతి. ఒక్క ప్రశ్నకు జవాబు లేకపోయినా స్క్రీన్ మీద ఆ ప్రశ్న పెట్టి కూర్చుంటుంది. డిస్క్ విభజన భాగం రాయడానికి కాస్త ఓపిక కావాలి. సర్వర్లన్నిటికీ ఒకే విభజన పెట్టుకుంటే ఆ ఓపిక ఒక్కసారితో సరిపోతుంది.

ఆటోఇన్‌స్టాల్‌లో మాత్రం ఒక మూల చాలామందిని ఏడిపిస్తుంది. కాన్ఫిగరేషన్ ఎక్కడుందో కెర్నల్ లైన్‌లో, అంటే బూటయ్యేటప్పుడు లినక్స్‌కి ఇచ్చే ఆప్షన్ల లైన్‌లో చెప్పాలి: డీఎస్ ఈజ్ ఈక్వల్ టు నోక్లౌడ్, సెమీకోలన్, ఎస్ ఈజ్ ఈక్వల్ టు, ఆ తర్వాత మీ వెబ్ అడ్రస్. గ్రబ్ అనే బూట్‌లోడర్‌కి (లినక్స్‌ని మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్‌కి) సెమీకోలన్ అంటే కమాండ్ అక్కడితో అయిపోయిందని అర్థం. దాని ముందు బ్యాక్‌స్లాష్ గానీ, మొత్తానికి కోట్స్ గానీ పెట్టకపోతే గ్రబ్ మిగతా సగాన్ని కత్తిరించేస్తుంది. ఇన్‌స్టాలర్ ఏ ఎర్రరూ లేకుండా మామూలు ప్రశ్నలతో మొదలవుతుంది. మీరేమో ఆటోఇన్‌స్టాల్ రాసే వైఏఎంఎల్ (YAML) ఫైల్‌లో తప్పు కోసం గంటలు వెతుకుతూ కూర్చుంటారు. బూటయ్యాక ఇంకో టెర్మినల్ తెరిచి ప్రాక్ కింద సీఎండీలైన్ ఫైల్ చూడండి. మీరు రాసింది మొత్తం అక్కడ కనబడకపోతే తప్పు గ్రబ్‌దే.

అదే కెర్నల్ లైన్‌లో ఆటోఇన్‌స్టాల్ అనే మాట పెట్టకపోతే డిస్క్ చెరిపే ముందు ఒకసారి కన్ఫర్మ్ చేయమని అడుగుతుంది. కొత్తల్లో ఆ మాట పెట్టకండి. మెషీన్ దగ్గరికి వెళ్లి ఒక్క మాట టైప్ చేయడం పెద్ద పనేం కాదు. పొరపాటున వేరే మెషీన్ నెట్‌వర్క్ నుంచి బూటైనా దాని డిస్క్ భద్రంగా ఉంటుంది.

డిస్క్ సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నాను. కిక్‌స్టార్ట్‌లో క్లియర్‌పార్ట్ ఆల్ అని రాసి ఊరుకోవద్దు. ఇన్‌స్టాలర్ కంటికి కనిపించే ప్రతి డిస్క్‌కీ అది వర్తిస్తుంది, డేటా ఉన్న రెండో డిస్క్‌కీ, ఎవరో వదిలేసిన యూఎస్‌బీ డిస్క్‌కీ కూడా. ఇగ్నోర్‌డిస్క్ కమాండ్‌లో ఓన్లీ-యూజ్ ఆప్షన్‌తో ఏ డిస్క్ వాడాలో తేల్చి చెప్పండి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు బూట్‌కీ బూట్‌కీ తారుమారు కావచ్చు కాబట్టి బై-ఐడీ పేర్లు వాడండి.

ఇక ఈ ఫైళ్లు మెషీన్‌కి ఎలా అందించాలి? అందరూ వెంటనే పీఎక్స్‌ఈ, అంటే నెట్‌వర్క్ నుంచి బూట్ చేయడం, అంటారు. మీకు మొదటి రోజే పీఎక్స్‌ఈ అక్కర్లేదు. ఓఈఎండీఆర్‌వీ అని లేబుల్ పెట్టిన చిన్న పెన్‌డ్రైవ్‌లో కేఎస్ డాట్ సీఎఫ్‌జీ పేరుతో కిక్‌స్టార్ట్ ఫైల్ వేసి పెడితే రాకీ ఇన్‌స్టాలర్ దాన్ని తనంతట తానే వెతికి పట్టుకుంటుంది. ఉబుంటుకి సీఐడేటా లేబుల్‌తో యూజర్-డేటా, మెటా-డేటా ఫైళ్లు పెడితే చాలు. ఒక పెన్‌డ్రైవ్‌లో ఇన్‌స్టాలర్, ఇంకో పెన్‌డ్రైవ్‌లో జవాబులు. సర్వర్ లేదు, డీహెచ్‌సీపీ (మెషీన్లకు ఐపీ అడ్రస్‌లు ఇచ్చే సర్వీస్) గొడవ లేదు. మీ సైజులో నెలకి ఒకటో రెండో మెషీన్లు ఇన్‌స్టాల్ చేస్తుంటే ఇదే శాశ్వతంగా పెట్టుకున్నా తప్పులేదు.

నలభై డెస్క్‌టాప్‌లూ ఒకే వారంలో తిరగరాయాల్సి వస్తే అప్పుడు పీఎక్స్‌ఈకి అర్థం ఉంది. దాని సంగతి క్లుప్తంగా చెప్తాను. మెషీన్ డీహెచ్‌సీపీని అడుగుతుంది, బూట్ ఫైల్ ఎక్కడుందో డీహెచ్‌సీపీ చెప్తుంది, ఆ ఫైల్ టీఎఫ్‌టీపీ అనే సాదా ఫైల్ బదిలీ పద్ధతి మీద వస్తుంది. పాత బయాస్ ఫర్మ్‌వేర్‌కి ఒక ఫైల్, కొత్త యూఈఎఫ్‌ఐకి ఇంకో ఫైల్. ఏది ఇవ్వాలో డీహెచ్‌సీపీ ఆప్షన్ 93 చూసి తెలుసుకోవాలి. సెక్యూర్ బూట్ (సంతకం లేని బూట్‌లోడర్‌ని ఆపేది) ఆన్‌లో ఉంటే మైక్రోసాఫ్ట్ సంతకంతో డిస్ట్రో ఇచ్చే షిమ్ అనే మొదటి బూట్‌లోడర్ వాడాలి, మీరు సొంతంగా బిల్డ్ చేసిన బూట్‌లోడర్‌ని ఫర్మ్‌వేర్ ఒప్పుకోదు. టీఎఫ్‌టీపీ నిదానం, కాబట్టి బూట్‌లోడర్ వరకే దానిమీద తెచ్చుకుని పెద్ద ఫైళ్లు హెచ్‌టీటీపీ మీద ఇవ్వండి. డీహెచ్‌సీపీ సర్వర్ మీ చేతిలో లేకపోతే, నెట్‌వర్క్ టీమ్‌తో యుద్ధం చేయనక్కర్లేదు. డీఎన్‌ఎస్‌మాస్క్ అనే చిన్న సర్వర్‌లో ప్రాక్సీ డీహెచ్‌సీపీ అనే మోడ్ ఉంది. ఐపీ అడ్రస్‌లు పాత సర్వరే ఇస్తుంది, బూట్ సమాచారం మాత్రం ఇది ఇస్తుంది. అయినా ఆ టీమ్‌కి ఒక మాట చెప్పి పెట్టండి.

ఇంకొకటి, బూట్ ఆర్డర్‌లో నెట్‌వర్క్‌ని మొదట పెట్టి వదిలేయకండి. ఇన్‌స్టాల్ అయి రీబూటైన మెషీన్ మళ్లీ నెట్‌వర్క్ నుంచే బూటై, మళ్లీ ఇన్‌స్టాల్ మొదలుపెడుతుంది. డిస్క్‌నే మొదట ఉంచి, అవసరమైనప్పుడు డెస్క్‌టాప్‌లో బూట్ మెనూ కీతోనో, సర్వర్‌లో ఐపీఎంఐ (సర్వర్‌ని దూరం నుంచి నడిపే సదుపాయం) ద్వారానో ఒక్కసారికి నెట్‌వర్క్ బూట్ ఇవ్వండి.

ఫోర్‌మన్, కాబ్లర్ లాంటివి ఈ గొడవంతా ఒక చోటికి తెస్తాయి. ఇన్‌స్టాల్ అయిపోయాక ఆ మెషీన్‌కి మళ్లీ ఇన్‌స్టాలర్ ఇవ్వకుండా చూసే పని కూడా అవే చేస్తాయి. ఫోర్‌మన్ మంచి సాఫ్ట్‌వేర్, అందులో సందేహం లేదు. కానీ డీహెచ్‌సీపీ, డీఎన్‌ఎస్, టీఎఫ్‌టీపీలతో మాట్లాడే స్మార్ట్ ప్రాక్సీలు, డేటాబేస్, దాని అప్‌గ్రేడ్‌లు, వీటన్నిటినీ పోషించాలి. వందల సర్వర్లు ఉండి, రోజూ ఏదో ఒకటి చెరిపి మళ్లీ కట్టే చోట ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది. మీ ఇద్దరికీ అరవై మెషీన్లతో పాటు అరవై ఒకటోది, అన్నిటికంటే చిక్కైనది, తోడవుతుంది.

ఉబుంటు తయారుచేసే కానొనికల్ వారి మాస్ (ఇన్‌స్టాలేషన్ సర్వర్) కూడా అంతే. రిమోట్‌గా పవర్ ఆన్, ఆఫ్ చేయగల సర్వర్లు ర్యాక్‌ల కొద్దీ ఉంటే దాని అందం తెలుస్తుంది, డెస్క్‌టాప్‌లకు కాదు. డెబియన్, ఉబుంటులే ఎక్కువగా ఉండే ల్యాబ్‌లకూ క్లస్టర్లకూ ఎఫ్‌ఏఐ అనే ఇన్‌స్టాలేషన్ టూల్ ఒకటుంది. 1999లో కొలోన్ విశ్వవిద్యాలయంలో థామస్ లాంగే మొదలుపెట్టారు, ఇప్పటికీ బతికే ఉంది. మెషీన్లను క్లాసులుగా విడగొట్టే దాని పద్ధతి నాకు ఇష్టం. మీకు రాకీ కూడా ఉంది కాబట్టి సిఫార్సు చేయడం లేదు.

క్లోనింగ్ ఎందుకు వద్దన్నానో చెప్పాలి, ఎందుకంటే మొదటి రోజు అదే అన్నిటికంటే వేగంగా కనిపిస్తుంది. క్లోన్ చేసిన ప్రతి మెషీన్‌లోనూ ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు (మెషీన్ తన గుర్తింపు చూపించుకునే కీలు) ఒకటే ఉంటాయి. ఒక మెషీన్ కీ బయటపడితే అన్నిటి వేషమూ కట్టొచ్చు. ఈటీసీ కింద మెషీన్-ఐడీ అనే ఫైల్ కూడా ఒకటే ఉంటుంది. సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ (లినక్స్‌లో నెట్‌వర్క్ చూసుకునే సర్వీస్) తన డీహెచ్‌సీపీ గుర్తింపును ఆ ఐడీ నుంచే తయారుచేసుకుంటుంది. ఫలితం ఏమిటంటే, మ్యాక్ అడ్రస్‌లు వేరైనా రెండు మెషీన్లకు డీహెచ్‌సీపీ సర్వర్ ఒకే ఐపీ ఇచ్చేస్తుంది, రెండూ ఒకదాన్నొకటి తన్నుకుంటూ ఉంటాయి. స్విచ్ పోయిందని, కేబుల్ పోయిందని వెతుకుతారు. ఇవి శుభ్రం చేసే మార్గాలున్నాయి, మెషీన్-ఐడీ ఫైల్‌ని ఖాళీ చేసి ఉంచితే తర్వాతి బూట్‌లో కొత్తది పుడుతుంది. అయినా అసలు లోపం పోదు. ఇమేజ్ తయారైన రోజు నుంచే పాతబడుతుంది, దానిలో ఏం మార్చారో ఎక్కడా రాసి ఉండదు. వర్చువల్ మెషీన్ల సంగతి వేరు. అక్కడ ప్యాకర్ లాంటి టూల్‌తో ఇమేజ్‌ని ఫైల్ నుంచి కట్టి, మొదటి బూట్‌లో సెట్టింగులు పెట్టే క్లౌడ్-ఇనిట్‌తో ఒక్కో మెషీన్‌కి పేరు, కీ ఇవ్వడం మంచి పద్ధతే.

ఇప్పుడు రెండో సగం. కాన్ఫిగరేషన్ టూల్స్ అన్నిటి మూలసూత్రం ఒకటే: ఏం చేయాలో కాకుండా ఎలా ఉండాలో రాస్తారు. పదిసార్లు నడిపినా మెషీన్ అదే స్థితిలో ఉంటుంది, మారాల్సింది ఉంటేనే మారుస్తుంది. 1993లో మార్క్ బర్జెస్ సీఎఫ్‌ఇంజిన్‌తో ఈ దారి వేశారు. 2005లో పప్పెట్, 2009లో చెఫ్, 2011లో సాల్ట్, 2012లో యాన్సిబుల్ వచ్చాయి. యాన్సిబుల్ రాసిన మైఖేల్ డీహాన్ అంతకుముందు కాబ్లర్ రాసిన మనిషే.

ఎంచుకునేటప్పుడు భాష, ఫీచర్ల పట్టికల కంటే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: మాట ఎవరు మొదలుపెడతారు? పప్పెట్‌లో ప్రతి మెషీన్‌లోనూ ఏజెంట్, అంటే ఎప్పుడూ నడిచే చిన్న ప్రోగ్రామ్, ఉంటుంది. మామూలుగా అరగంటకోసారి అదే సర్వర్ దగ్గరికి వెళ్లి తన లెక్క సరిచూసుకుంటుంది. సెలవుల్లో పది రోజులు ఆపేసిన మెషీన్ ఆన్ చేయగానే తనంతట తాను దారిలోకి వస్తుంది. ఎవరైనా చేత్తో ఏదైనా మారిస్తే, పప్పెట్ చూసుకునే సెట్టింగ్ అయితే అరగంటలో వెనక్కి తెస్తుంది. యాన్సిబుల్‌లో మీరు ఒక మెషీన్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ మీద అన్నిటికీ తోస్తారు. అవతలి మెషీన్‌లో పైథాన్ ఉంటే చాలు, ఏజెంట్ లేదు, సర్టిఫికెట్ల సర్వర్ లేదు. కానీ మీరు నడిపినప్పుడు ఆఫ్‌లో ఉన్న మెషీన్ తప్పిపోతుంది. అన్‌రీచబుల్ అని ఎర్ర అక్షరాల్లో చూపించి ముందుకెళ్లిపోతుంది. దాన్ని గుర్తుపెట్టుకోవడం మీ పని.

సర్వర్లు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటాయి కాబట్టి తోసే పద్ధతి బాగా నడుస్తుంది. ఫలితం కళ్లముందే కనిపిస్తుంది, ఏ సర్వర్ తర్వాత ఏది అన్న వరస మీ చేతిలో ఉంటుంది. డెస్క్‌టాప్‌లు సాయంత్రం ఆపేస్తారు, కొన్ని వారాల తరబడి ఆన్ కావు. అందుకే వాటికి యాన్సిబుల్ పుల్ అన్నాను. సిస్టమ్‌డీ టైమర్ ఒకటి పెడితే మెషీన్ తనే గిట్ రిపాజిటరీ (మీ ఫైళ్లన్నీ మార్పుల చరిత్రతో ఉండే చోటు) తెచ్చుకుని ప్లేబుక్‌ని, అంటే యాన్సిబుల్ చేయాల్సిన పనులు రాసిన వైఏఎంఎల్ ఫైల్‌ని, తనమీద తనే నడుపుకుంటుంది. పప్పెట్ ఇచ్చే లాభంలో సగానికి పైగా ఇక్కడే వచ్చేస్తుంది, కొత్త భాష నేర్చుకోనక్కర్లేదు.

పుల్‌లో రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది, రిపాజిటరీలో ఉన్నదంతా ప్రతి డెస్క్‌టాప్‌కీ చేరుతుంది. కాబట్టి డెస్క్‌టాప్‌ల రిపాజిటరీ, సర్వర్ల రిపాజిటరీ విడివిడిగా ఉండాలి. యాన్సిబుల్ వాల్ట్ (రహస్యాలను ఎన్‌క్రిప్ట్ చేసి దాచేది) పాస్‌వర్డ్ డెస్క్‌టాప్‌ల మీద పెట్టకూడదు. రహస్యం కావాల్సిన పని ఏదైనా ఉంటే దాన్ని తోసే పద్ధతిలోనే చేయండి. రెండోది, ఏ మెషీన్ విజయవంతంగా నడిచిందో చెప్పే కేంద్రం ఉండదు. ప్లేబుక్ చివర ఒక పని పెట్టి, చివరిసారి సరిగ్గా నడిచిన సమయాన్ని మీ మానిటరింగ్‌కి పంపించండి. మూడు వారాలుగా కబురు లేని మెషీన్ల జాబితా ఒక్కటి ఉంటే మీకు చాలా టెన్షన్ తగ్గుతుంది.

సాల్ట్ గురించి కూడా అడుగుతారని ఊహిస్తున్నాను. వేగంలో దానికి సాటిలేదు, వేల మెషీన్లకు సెకన్లలో కమాండ్ అందుతుంది. కానీ 2020లో దాని మాస్టర్‌లో పాస్‌వర్డ్ లేకుండానే రూట్ హక్కులు దొరికే లోపం బయటపడింది. 4505, 4506 పోర్టులను ఇంటర్నెట్‌కి తెరిచి ఉంచినవాళ్లు దెబ్బతిన్నారు. ఆ లోపం ఎప్పుడో సరిచేశారు. అయితే ఇలాంటి సెంట్రల్ సర్వర్ ఏదైనా సరే, అన్ని మెషీన్లకూ రూట్ తాళం దాని దగ్గరే ఉంటుంది. మీ యాన్సిబుల్ నడిపే మెషీన్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది, దాన్ని అందరూ వాడే డెస్క్‌టాప్ మీద పెట్టకండి.

యజమానులు ఎవరన్నది కూడా చూడాల్సిందే, ఈ మధ్య ఇది బాగా మారింది. చెఫ్‌ని 2020లో ప్రోగ్రెస్ కొనింది. దాని అధికారిక బిల్డ్‌లకు వాణిజ్య లైసెన్స్ కావాలి, కోడ్ మాత్రం తెరిచే ఉంది, దానితో వాడుకరుల సమూహం కట్టుకునే బిల్డ్ పేరు సింక్. సాల్ట్ 2020లో వీఎంవేర్‌కి, 2023లో దానితో పాటే బ్రాడ్‌కామ్‌కి వెళ్లింది. పప్పెట్‌ని 2022లో పెర్‌ఫోర్స్ కొనింది. 2025 నుంచి కొత్త బిల్డ్‌లు అందరికీ బహిరంగంగా ఇవ్వమని చెప్పడంతో వాక్స్ పపులి అనే వాలంటీర్ల బృందం ఓపెన్‌వాక్స్ పేరుతో విడిగా నడుపుతోంది. ఈ రోజు పప్పెట్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ రెండింట్లో ఏదో ముందే తేల్చుకోవాలి. యాన్సిబుల్ 2015 నుంచి రెడ్ హ్యాట్ దగ్గర ఉంది, కోర్ జీపీఎల్ అనే ఓపెన్‌సోర్స్ లైసెన్స్ కిందే ఉంది. రేపు ఏమవుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు గానీ, దాదాపు ప్రతి డిస్ట్రోలోనూ దాని ప్యాకేజీ దొరకడం చిన్న విషయం కాదు.

యాన్సిబుల్ లోపాలు కూడా తెలిసే దిగండి. మామూలుగా ఒకేసారి అయిదు మెషీన్లతోనే మాట్లాడుతుంది, ఫోర్క్స్ అనే సెట్టింగ్ పెంచి, పైప్‌లైనింగ్ (ఎస్‌ఎస్‌హెచ్ మీద రాకపోకలు తగ్గించేది) ఆన్ చేస్తే తేడా బాగా తెలుస్తుంది. వైఏఎంఎల్‌లో లూపులు, షరతులు ఎక్కువైతే చదవడం నరకం. అలాంటి చోట చిన్న పైథాన్ మాడ్యూల్ రాసుకోవడమే నయం. వెర్షన్ విషయంలో ఒకటి: మీ రాకీ సర్వర్లు 8 అయితే వాటిలో సిస్టమ్ పైథాన్ 3.6. యాన్సిబుల్ కోర్ 2.17 నుంచి అవతలి మెషీన్‌లో 3.6కి సపోర్ట్ తీసేశారు. కొత్త పైథాన్ పక్కన పెట్టినా రాకీలో ప్యాకేజీలు పెట్టే డీఎన్‌ఎఫ్ మాడ్యూల్‌కి కావాల్సిన లైబ్రరీలు 3.6కే ఉన్నాయి. కాబట్టి 8 ఉన్నన్నాళ్లు 2.16తోనే ఉండాలి, లేదా సర్వర్లను 9కి తీసుకెళ్లాలి.

కొత్తవాళ్లకు మింగుడుపడని ఇంకో సంగతి, ప్లేబుక్‌లోంచి ఒక లైన్ తీసేస్తే మెషీన్‌లోంచి ఆ వస్తువు పోదు. ప్యాకేజీ పెట్టమన్న లైన్ చెరిపేస్తే, యాన్సిబుల్ దాని గురించి ఇక మాట్లాడదు, అంతే. ప్యాకేజీ అలాగే ఉండిపోతుంది. ముందు స్థితిని ఆబ్సెంట్ అని మార్చి, అన్ని మెషీన్ల మీదా నడిచిందని చూసుకుని, ఆ తర్వాతే లైన్ తీయాలి. ఉద్యోగం మానేసినవాళ్ల అకౌంట్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. పప్పెట్‌లోనూ మామూలుగా ఇదే కథ.

పని ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణ దగ్గర్నుంచి చూద్దాం: అన్ని సర్వర్లలో ఎస్‌ఎస్‌హెచ్ పాస్‌వర్డ్ లాగిన్ ఆపేయాలి. ఫర్ లూప్‌లో మీరు సెడ్ అనే టెక్స్ట్ మార్చే కమాండ్‌తో ఆ లైన్ మార్చి సర్వీస్ రీస్టార్ట్ చేస్తారు. యాన్సిబుల్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ డాట్ డీ డైరెక్టరీలో చిన్న ఫైల్ ఒకటి పెడతారు. దాన్ని 99తో మొదలయ్యే పేరుతో పెడితే చివర్లో చదువుతుంది కాబట్టి మనదే గెలుస్తుందని చాలామంది అనుకుంటారు. ఎస్‌ఎస్‌హెచ్‌డీ, అంటే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్, లెక్క తలకిందులు, ఒక సెట్టింగ్‌కి మొదట కనిపించిన విలువే తీసుకుంటుంది. ఉబుంటు సర్వర్‌లో, ఇంకా కొన్ని క్లౌడ్ ఇమేజ్‌లలో 50-క్లౌడ్-ఇనిట్ అనే ఫైల్ అప్పటికే పాస్‌వర్డ్ లాగిన్‌కి యెస్ (yes) అని చెప్పి ఉండొచ్చు. మీ 99 ఫైల్ అందంగా కూర్చుంటుంది, యాన్సిబుల్ ఓకే అంటుంది, పాస్‌వర్డ్ లాగిన్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఫైల్ పేరు 10తో మొదలుపెట్టండి. తర్వాత ఎస్‌ఎస్‌హెచ్‌డీని పెద్ద అక్షరం టీ ఆప్షన్‌తో నడిపితే చివరికి ఏ విలువ అమల్లో ఉందో చూపిస్తుంది. దాన్ని పరీక్షించే పని కూడా ప్లేబుక్‌లోనే రాయండి.

ఫైళ్లు తయారుచేసి పెట్టే టెంప్లేట్ మాడ్యూల్‌లో వాలిడేట్ అనే ఆప్షన్ ఉంది. ఫైల్‌ని అసలు చోట పెట్టేముందు ఎస్‌ఎస్‌హెచ్‌డీ చేత చదివిస్తుంది, తప్పుంటే పాత ఫైల్‌ని ముట్టుకోదు. సుడో (ఎవరికి రూట్ హక్కులో తేల్చేది) ఫైళ్లకు వాటిని సరిచూసే విసుడోతో ఇదే చేయాలి. వీటిని వదిలేస్తే ఒక్క అక్షరం తప్పుతో అన్ని సర్వర్లలోంచీ మీరే బయటపడిపోతారు. ఒక్కో విడతలో ఎన్ని మెషీన్లో చెప్పే సీరియల్ సెట్టింగ్‌ని ఒకటి, తర్వాత అయిదు, తర్వాత మిగతావి అని పెట్టండి. మొదటి సర్వర్ ఫెయిలైతే అక్కడే ఆగుతుంది.

పాస్‌వర్డ్‌ల మాట కూడా ఒకటి. కిక్‌స్టార్ట్, ఆటోఇన్‌స్టాల్ ఫైళ్లు హెచ్‌టీటీపీ మీద పెడితే ఆ నెట్‌వర్క్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. అందులో పాస్‌వర్డ్ హ్యాష్ (పాస్‌వర్డ్‌ని మార్చి రాసిన రూపం) ఉంటే తీరిగ్గా పగలగొట్టుకుంటారు. రూట్‌ని లాక్ చేసి, అడ్మిన్ అకౌంట్‌కి మీ పబ్లిక్ కీ మాత్రమే ఇవ్వండి. పబ్లిక్ కీ ఎవరు చూసినా నష్టం లేదు.

జవాబు ఎప్పుడు మారుతుంది? ఆడిటర్లు వచ్చి ఫలానా సెట్టింగ్ ఏడాది పొడవునా మారలేదని చూపించమంటే, ఏజెంట్ ఉండి రిపోర్టులు దాచే పప్పెట్ లాంటిది బాగా పనికొస్తుంది. బయటినుంచి ఎస్‌ఎస్‌హెచ్ అందని చోట మెషీన్లు ఉంటే పుల్ తప్ప వేరే దారి లేదు. అన్నీ వర్చువల్ మెషీన్లే అయితే ఇన్‌స్టాలర్ల గురించి నేను రాసిన సగం మర్చిపోయి ఇమేజ్‌లూ క్లౌడ్-ఇనిట్ వైపు వెళ్లండి. మీలో ఒకరికి ఇప్పటికే పప్పెట్ బాగా వచ్చనుకోండి, నేను చెప్పినవన్నీ పక్కనపెట్టి అదే వాడండి. రాత్రి పదకొండుకి ఏదైనా పాడైతే సరిచేయగలిగే మనిషి ఉండటం టూల్ గుణాల కంటే ఎక్కువ.

మొదలుపెట్టేటప్పుడు ఉన్న మెషీన్లన్నిటినీ చెరిపేయనక్కర్లేదు. యూజర్ అకౌంట్లు, కీలు, సుడో, వీటికి మాత్రం ప్లేబుక్ రాసి, చెక్ మోడ్‌లో డిఫ్ ఆన్ చేసి సర్వర్లన్నిటి మీదా నడపండి. ఏదీ మారదు, ఏం మారేదో మాత్రం చూపిస్తుంది. అక్కడ కనిపించే ప్రతి తేడా వెనకా ఏదో ఒకటి ఉంటుంది: ఎవరో మర్చిపోయిన ప్రయోగం కావచ్చు, ఎక్కడా రాసిపెట్టని నిజమైన అవసరం కావచ్చు. రెండోదైతే ఆ సర్వర్ వేరియబుల్స్‌లో కారణంతో సహా రాయండి. తేడాలు లేకుండా నడిచాకే చెక్ మోడ్ తీసేయండి. తర్వాత టైమ్, అప్‌డేట్‌లు, మానిటరింగ్ ఒకదాని తర్వాత ఒకటి చేర్చుకోండి. పాత షెల్ స్క్రిప్ట్‌లో ఆ భాగాన్ని అదే రోజు తీసేయండి, లేకపోతే రెండూ ఒకే ఫైల్‌ని చెరో వైపు లాగుతాయి. డెస్క్‌టాప్‌లలో ఒకదాన్ని పక్కన పెట్టుకుని పూర్తిగా చెరిపి, పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెట్టి, మనిషి చెయ్యి పడకుండా వాడుకునే స్థితికి వస్తుందో లేదో చూస్తూ ఉండండి. వచ్చిన తర్వాతే మిగతా ముప్ఫై తొమ్మిది.

డీహెచ్‌సీపీ మీ చేతిలో ఉందా, రాకీ 8నా 9నా, సర్వర్లలో ఐపీఎంఐ ఉందా అన్నది చెప్తే ఇన్‌స్టాలేషన్ భాగం మీ నెట్‌వర్క్‌కి సరిపడేలా ఇంకాస్త వివరంగా రాస్తాను.